వాహనంగా నమోదైన పైడిరాజు

పల్లెవెలుగు బస్సు కండక్టరు ఆ ఆదివారం పైడిరాజుని మూడుసార్లు అడిగాడు. "సాగరహేల దగ్గరే దిగుతారా? నిజంగానా? ఇంట్లో అందరూ కలిసి ఆలోచించుకునే వచ్చారా?" అని. పన్నెండేళ్ళ సర్వీసులో ఆ విహారపురి ముందు బస్సులోంచి దిగిన మనిషిని తను చూడలేదట. పైడిరాజు నవ్వేసి, మూడేళ్ళ కొడుకు పండుగాణ్ణి చంకనేసుకుని, ఏడేళ్ళ కూతురు నిత్య చెయ్యి పట్టుకుని దిగాడు. పులిహోర డబ్బా, నీళ్ళ సీసా, పండుగాడి మారు నిక్కర్లు ఉన్న సంచీతో వెనకాల అతని భార్య ఈశ్వరి దిగింది. బస్సు కదిలాక కూడా కండక్టరు కిటికీలోంచి తల బయటపెట్టి, వీళ్ళు కనుమరుగయ్యేదాకా జాలిగా చూస్తూనే పోయాడు.

పైడిరాజు విజయనగరంలో టైలరు. స్కూలు యూనిఫారాలు కుడతాడు. ఊళ్ళో సగం మంది పిల్లల నడుము కొలతలు అతనికి కంఠతా వచ్చు. అంతకు మించిన చదువు లేదు. అలాంటివాడు మూడువందల ఎకరాల వినోదానికి బయల్దేరడానికి కారణం కూతురు. జిల్లా స్థాయి బొమ్మల పోటీలో నిత్యకి మొదటి బహుమతి వచ్చింది. బహుమతి ఇచ్చేది సాగరహేల వారు. బంగారు అంచు కాగితం మీద ఉత్తరం కూడా పంపారు.

"విజేత కుమారి గొర్లె నిత్య కుటుంబ సమేతముగా విచ్చేసి, సాయంత్రం సరిగ్గా నాలుగు గంటలకు పచ్చజెండా ఊపి మా నూతన బాలరైలును ప్రారంభించవలెను. సదరు సమయమునకు హాజరు కాని యెడల ఈ గౌరవము ద్వితీయ విజేతకు సంక్రమించును."

ద్వితీయ విజేత ఎవరంటే, నిత్య చదివే బడి కరస్పాండెంటుగారి అబ్బాయి. వాడి బొమ్మ డ్రాయింగు మాస్టారు వేసిపెట్టాడని బడంతా తెలుసు. మాస్టారు వేసినా రెండోదే వచ్చింది, అది వేరే సంగతి. వారం రోజుల నుంచి నిత్య పొద్దున్న లేవగానే తువ్వాలు ఊపుతోంది. మొహం కడుక్కోమంటే తువ్వాలు ఊపుతోంది. వాళ్ళ నాన్న కుట్టుమిషను తొక్కినప్పుడల్లా అది రైలనుకుని తువ్వాలు ఊపుతోంది. ఇక ఆ పిల్లని నాలుగు గంటలకి ఆ రైలు ముందు నిలబెట్టకపోతే పైడిరాజు తండ్రీ కాదు, టైలరూ కాదు.

అప్పటికి టైము పదకొండున్నర. నాలుగున్నర గంటలుంది కదా అని ధీమాగా గేటు దగ్గరికి నడిచారు.

గేటంటే గేటు కాదు. ఎర్రా తెల్లా చారలున్న అడ్డకర్ర. పక్కన స్తంభానికి కెమెరా. నలుగురూ కర్ర ముందు నిలబడ్డారు. కర్ర లేవలేదు. పైడిరాజు కెమెరా వంక చూసి నమస్కారం పెట్టాడు. లేవలేదు. పండుగాడు నాలుక బయటపెట్టాడు. అయినా లేవలేదు. గుడిసెలోంచి సెక్యూరిటీ సింహాద్రి పరుగెత్తుకొచ్చాడు.

"బాబూ, అది మనుషుల్ని చూడదు. నంబరు ప్లేటు చూపిస్తేనే లెగుస్తాది. బండేదీ?"

"బండి లేదు. బస్సులో వచ్చాం. కింద నుంచి దూరిపోతాం లే."

"అమ్మ బాబోయ్! కింద నుంచి దూరితే చొరబాటు. పైనుంచి దాటితే దాడి. పక్కనుంచి వొస్తే ఆక్రమణ. ఈ మూడిటికీ వేరే వేరే ఫారాలు, మూడూ నేనే నింపాలి. మీకు దణ్ణం పెడతాను, ఆ కిటికీ కాడికెళ్ళండి."

ఆ కిటికీ పేరు అతిథి సహాయ కేంద్రం. కారులో కూర్చున్నవాళ్ళకి అనువుగా ఉండాలని కారు అద్దం ఎత్తుకి కట్టారు. పైడిరాజు గొంతుక్కూర్చుని మాట్లాడాల్సి వచ్చింది. లోపల టై కట్టుకుని, వాకీటాకీ పెట్టుకుని, చలన వ్యవహారాల అధికారి చిదానందంగారు ఉన్నారు.

"వాహనం నంబరు?"

"వాహనం లేదండి."

"వాహనం లేదా, నంబరు లేదా? స్పష్టంగా చెప్పండి."

"రెండూ లేవండి. బస్సులో వచ్చాం."

"బస్సేదీ?"

"ఎల్లిపోయిందండి."

చిదానందంగారు కలం కింద పెట్టారు. "అంటే జాతీయ రహదారి మీద వాహనాన్ని వదిలిపెట్టి వచ్చారన్నమాట."

"మేం వదల్లేదండి. అదే మమ్మల్ని వదిలీసి పోయింది."

"అలా అనకూడదు. వాహనాన్ని తప్పుపట్టే అధికారం అతిథికి లేదు."

పైడిరాజు ఉత్తరం చూపించాడు. చిదానందంగారు దాన్ని వెలుగులో పెట్టి, బంగారు అంచు గోటితో గీకి, అసలుదేనని ఒప్పుకున్నారు. అది మరీ పెద్ద చిక్కని కూడా చెప్పారు. విజేతని లోపలికి రానివ్వకపోవడం నిబంధనలకి విరుద్ధం. వాహనం లేనివాళ్ళని రానివ్వడమూ నిబంధనలకి విరుద్ధమే.

"చూడండి పైడిరాజుగారూ, మా దగ్గర సమస్తం వాహనం నంబరు మీదే నడుస్తుంది. భోజనం, మంచినీళ్ళు, లోపల తిరిగే షటిల్ బస్సు, ఆఖరికి పిల్లలు తప్పిపోయినా సరే, ఫలానా నంబరు కారు తాలూకు పిల్ల దొరికిందని మైకులో చెబుతాం. పాదచారి అనే గడి మా కంప్యూటర్లో లేదు. పూర్వం ఉండేది. ఏడాది పొడుగునా ఒక్కరూ వాడలేదని తీసేశారు."

"ఎందుకు వాడలేదండి?"

"గేటు వాళ్ళని రానివ్వలేదు కనక."

చిదానందంగారు ఆ మాట ఎంత మామూలుగా అన్నారంటే, పైడిరాజు కూడా క్షణంసేపు నిజమే కదా అనుకున్నాడు.

ఎండ మండిపోతోంది. పండుగాడు ఏడుపు లంకించుకుని తండ్రి మెడ మీదికి ఎగబాకాడు. నిలబడి నిలబడి కాళ్ళు పీకుతున్నాయని నిత్య నడుం పట్టుకు వేలాడింది. పైడిరాజు ఒకణ్ణి భుజాల మీద, ఒకత్తెని చంకలో సర్దుకుని లేచి నిలబడ్డాడు. కిటికీలోంచి చిదానందంగారికి అతని బొడ్డు, దాని చుట్టూ నాలుగు చిన్న కాళ్ళు మాత్రం కనిపించాయి. ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. లావుపాటి పుస్తకం ఒకటి చంకన పెట్టుకుని బయటికే వచ్చేశారు.

"చలన నియమావళి, అధ్యాయం రెండు, నిర్వచనాలు," అని చదివారు. "'వాహనము అనగా ఒకరిని గాని, అంతకు మించి గాని మనుషులను మోసుకుని ఒక చోటి నుండి మరొక చోటికి చేర్చునట్టిది.' తమరు ఇప్పుడు మోస్తున్నారు కదా?"

"పిల్లలండీ..."

"చేరుస్తారా?"

"ఏదో... నా ఓపికున్నంత దూరం చేరుస్తానండి."

చిదానందంగారు పాత స్కూటరు కొనేవాడిలా పైడిరాజు చుట్టూ ఒకసారి తిరిగారు. పిక్క మీద వేలితో నొక్కి చూశారు. ఆయన మొహంలో ధర్మసంకటం తీరిన వెలుగు వచ్చింది. "శుభం! పైడిరాజుగారూ, మీరు వాహనమే. ఇంతసేపూ చెప్పరేం?"

రిజిస్ట్రేషన్ పావుగంటలో అయిపోయింది. అట్ట మీద 'తాత్కాలికం-1' అని రాసి ఒకటి ఛాతీ మీద, ఒకటి వీపు మీద కట్టారు. ఇంధనం అన్నచోట టీ అని రాశారు. సీటింగు, రెండు. హారను కొట్టమంటే పైడిరాజు మొహమాటంగా దగ్గాడు. చాలదన్నారు. పండుగాడు మెడ మీద నుంచి చెవి మెలిపెట్టాడు. అప్పుడు వచ్చిన శబ్దం చాలునన్నారు. ఇండికేటర్లు ఏవన్నారు. రెండు చేతుల్లోనూ పిల్లలున్నారు కనక, ఎడమకి తిరిగేటప్పుడు నిత్య, కుడికి తిరిగేటప్పుడు పండుగాడు చెయ్యి ఊపేలా షరతు మీద అనుమతి ఇచ్చారు. పొగ పరీక్షకి నోట్లో గొట్టం పెట్టారు. పొద్దున్న కాల్చిన బీడీ ఒకటి బయటపడింది గానీ అది పరిమితికి లోబడే ఉంది. అదే గొట్టంలో ఈశ్వరికి కూడా బయటపడటం ఒక్కటే ఇబ్బంది.

"మానేసినానన్నారు?" అంది ఈశ్వరి.

"వాహనం జవాబు చెప్పనక్కర్లేదమ్మా," అన్నారు చిదానందంగారు. "ఇప్పుడు తమరి సంగతి. తమరు కూడా ఎక్కుతారా?"

పైడిరాజు మోకాళ్ళు ఒకదాన్నొకటి చూసుకున్నాయి. "లేదులెండి," అంది ఈశ్వరి, "ఆయన మొయ్యలేరు."

"అయితే తమరు డ్రైవరు. డ్రైవరు వాహనం మీదే కూర్చోవాలని నియమం లేదు. అదుపులో ఉంచుకుంటే చాలు. అదుపులో ఉంటుందా?"

"పదేళ్ళ నుంచీ ఉంది," అంది ఈశ్వరి.

వెనక అప్పటికే ఎనిమిది కార్లు హారన్లు మోగిస్తున్నాయి. పైడిరాజు కెమెరా ముందుకి వెళ్ళి ఛాతీ విరిచాడు. అడ్డకర్ర గౌరవంగా లేచింది.

గేటు నుంచి పార్కింగుకి రెండు కిలోమీటర్లు. నల్లటి నున్నటి రోడ్డు, పక్కన పచ్చగడ్డి, గడ్డిలో 'నడవరాదు' అని పది గజాలకో బోర్డు. రోడ్డు మీద ఇంకో బోర్డు, 'కనీస వేగం ఇరవై' అని. ఈశ్వరి ఒక చేత్తో అతని కాలరు పట్టుకుని, ఇంకో చేత్తో సంచీ పట్టుకుని పక్కనే పరిగెత్తింది.

"కుడికి తిప్పండి."

"కనబడతంది లేవే!"

"బండి మాటాడకూడదన్నారు కదా. పండూ, చెయ్యి ఊపరా."

పండుగాడు చెయ్యి ఊపడం మొదలుపెట్టి ఇక ఆపలేదు. దాంతో వెనకాల వచ్చే కార్లన్నీ, ఈ బండి కుడికి తిరుగుతుందని, కుడిపక్క దారే లేని చోట కూడా ఆగి ఎదురుచూశాయి. ట్రాఫిక్ మార్షలు ఒకడు బ్యాటరీ బండి మీద వచ్చి, డిక్కీ తెరవమన్నాడు. ఈశ్వరి సంచీ విప్పి చూపించింది. నిక్కర్లు చూసి వదిలేశాడు. పోతూ పోతూ, "ఇంజను బాగా వేడెక్కినట్టుంది మేడం, పక్కన ఆపి నీళ్ళు పోయండి" అన్నాడు. ఈశ్వరి అతని నెత్తిన సగం సీసా నీళ్ళు పోసింది. అంతకన్నా చల్లటి మాట ఆ రోజు పైడిరాజుకి ఆ ఆవరణలో ఎవరూ చెప్పలేదు.

పార్కింగు చేరేసరికి రెండు దాటింది. అక్కడ అసలు సంగతి తెలిసింది. ఆటలుండే చోటికి, రైలు స్టేషనుకి పోవాలంటే షటిల్ బస్సు ఎక్కాలి. షటిల్ ఎక్కాలంటే పార్కింగు చీటీ ఉండాలి. పార్కింగు చీటీ కావాలంటే వాహనాన్ని పార్కు చెయ్యాలి.

"స్లాటు ఈ-47," అన్నాడు చీటీలవాడు. "బండి అక్కడ పెట్టేసి మీరు ముగ్గురూ ఎక్కండి మేడం."

"మరి ఆయన?"

"షటిల్లోకి బండినెలా ఎక్కిస్తాం మేడం? ఇక్కడికొచ్చే పెద్ద కార్లవాళ్ళు కూడా ఎప్పుడూ అలా అడగలేదు."

పైడిరాజు పిల్లల్ని దింపాడు. "పిల్లలు దిగారుగా, ఇప్పుడు మొయ్యట్లేదు. మరింక నేను వాహనాన్నెలా అవుతాను?" అని లా పాయింటు తీశాడు. చీటీలవాడు పార్కింగంతా చెయ్యి తిప్పి చూపించాడు. "ఇన్ని కార్లున్నాయి. ఒక్కదాన్లోనైనా మనుషులున్నారా? కార్లు కాకుండా పోయాయా?"

నిత్య ఈ-47 గీతల మధ్యకి వచ్చి తండ్రి వేలు పట్టుకుంది. "నాన్నా, నువ్వు రావా?"

"నువ్వెళ్ళమ్మా. అమ్మ ఉంటాది కదా. నువ్వు ఊపడం నాకు తెలీదేటి, వారం నుంచీ చూస్తన్నాను."

"అది తువ్వాలు. జెండా నువ్వు చూడలేదు కదా. నువ్వు రాకపోతే నేను ఊపను. ఆ బండోడికే ఇచ్చీమను." బండోడంటే కరస్పాండెంటుగారి అబ్బాయి, కొంచెం ఒళ్ళున్నవాడు.

ఆ పిల్ల ఊపనంటే ఊపదు. వాళ్ళమ్మ పోలిక. ఈశ్వరి పిల్లలిద్దర్నీ ఎక్కించుకున్నాక షటిల్ వెళ్ళిపోయింది. రెండు పెద్ద కార్ల మధ్య, గీతల లోపల, పైడిరాజు ఒక్కడే మిగిలాడు.

కాసేపటికి కార్లు కడిగే అతను వచ్చి, అలవాటు చొప్పున ఇతని మొహం కూడా పసుపుపచ్చ గుడ్డతో తుడిచి, పక్క కారుకి వెళ్ళిపోయాడు. ఆకలేసి భోజనశాల ఎక్కడని అడిగితే, భవనాల్లోకి వాహనాలు రాకూడదన్నారు. కావాలంటే ఇంధన కేంద్రం ఉందన్నారు. అదేమిటంటే ఆకుపచ్చ వలకింద డ్రైవర్ల టీ బడ్డీ. స్లాటు వదిలి కదిలితే వాహనం దొంగతనం కింద కేసు. చివరికి మస్తాన్ వలీ అనే అరవయ్యేళ్ళ డ్రైవరు టీ తనే పట్టుకొచ్చి ఇచ్చాడు.

"ఏం తమ్ముడూ, నీకూ ఇక్కడేనా?" అన్నాడు. "నేను ముప్పై ఏళ్ళుగా పెద్దోళ్ళ కార్లు తోలుతున్నా. ఈ పార్కుకి యాభైసార్లు వచ్చుంటా. లోపలేముందో నాకు తెలీదు. ఇక్కడ కారు అతిథి. అయ్యగారు అతిథి. అయ్యగారి కుక్క కూడా అతిథే, దానికి పాసుంది. నేను మాత్రం కారుతో వచ్చిన సామాను. నువ్వే నయం, నీకు నంబరన్నా ఉంది."

పైడిరాజు కూతురి సంగతి చెప్పాడు. టైము మూడయింది. మస్తాన్ వలీ అతని దగ్గరికి వంగాడు.

"నేను ఒక్కసారి లోపలికి పోయాను తమ్ముడూ. కారు చెడిపోయినప్పుడు. క్రేను బండొచ్చి లాక్కుపోయింది, వెనకాలే నేనూ పోయాను. వాళ్ళ వర్క్‌షాపుంది చూశావూ, దాని గోడ అవతలే రైలు స్టేషను."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పైడిరాజు టీ గడగడా తాగేసి, నేల మీద వెల్లకిలా పడుకుని, కళ్ళు మూసుకున్నాడు. మస్తాన్ వలీ వలకింది డ్రైవర్లందరినీ పిలిచాడు. పదిహేనుమంది కలిసి గట్టిగా అరిచారు. "ఈ-47లో బండి స్టార్టవట్లేదహో!"

క్రేను బండి పది నిమిషాల్లో వచ్చింది. చెడిపోయిన బండిని ముందు చక్రాలు లేపి లాక్కెళ్ళాలన్నది రూలు. పైడిరాజుకి ముందు చక్రాలంటే చేతులే కదా. రెండు చేతులూ కొక్కేనికి తగిలించి పైకి లేపారు. వెనక చక్రాలు వాటంతటవే నడిచాయి. పైన పసుపుపచ్చ దీపం గిర్రున తిరుగుతుండగా, చేతులెత్తిన పైడిరాజు జెయింటు వీలు ముందు నుంచి, నీళ్ళ జారుడుబల్లల ముందు నుంచి ఊరేగాడు. ఇదేదో కొత్త ఆట కాబోలనుకుని జనం చప్పట్లు కొట్టారు. ఇద్దరు పిల్లలు తమకీ అదే కావాలని ఏడ్చారు.

వర్క్‌షాపులో ఫిట్‌నెస్ పర్యవేక్షకుడు నూనె గుడ్డతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. మోకాళ్ళు వంచి చూశాడు, కిర్రుమన్నాయి. సస్పెన్షన్ పోయిందని రాసుకున్నాడు. పొట్ట మీద చెవి పెట్టాడు. పొద్దుటి నుంచి తిండి లేని పొట్ట గుర్రుమంది. ఇంజను శబ్దం అని రాసుకున్నాడు.

"ఏ సంవత్సరం మోడలు?"

"నలభై మూడేళ్ళండి."

పర్యవేక్షకుడు రెండడుగులు వెనక్కి వేశాడు. "పదిహేనేళ్ళు దాటిన బండిని రోడ్డెక్కించడం నేరం. ఇది ఇక్కడి నుంచి కదలకూడదు. నేరుగా తుక్కు."

గోడ అవతల నుంచి రైలు కూత వినబడుతోంది, మైకులో నిత్య పేరు వినబడుతోంది. అంతలోనే మైకు గొంతు మార్చి, "తాత్కాలికం-1 వాహన యజమాని వెంటనే వర్క్‌షాపునకు రావలెను" అంది.

మూడు నలభై అయిదుకి ఈశ్వరి పిల్లలతో పరుగున వచ్చింది. నిత్య చేతిలో పచ్చజెండా ఉంది, మొహం మాత్రం ముడుచుకునే ఉంది. వెనకాల రొప్పుతూ చిదానందంగారు. "అమ్మా, విజేతని తీసుకుని ఇలా వచ్చేస్తే ఎలా? పదిహేను నిమిషాలుంది. ఎండీగారు వచ్చేశారు. కరస్పాండెంటుగారి అబ్బాయి ఇప్పటికే చెయ్యి చాపి నిలబడ్డాడు!"

పర్యవేక్షకుడు ఫారం అందించాడు. "ఇక్కడ సంతకం పెట్టండి మేడం. పాత బండి తుక్కుకిచ్చినందుకు కొత్త బండి మీద ఐదు శాతం తగ్గింపు కూపను వస్తుంది."

ఈశ్వరి కూపను వంక చూసింది. మొగుణ్ణి కింది నుంచి పైదాకా చూసింది. మళ్ళీ కూపను చూసింది. ఆ చూపులు పైడిరాజుకి అవసరమైనదాని కన్నా ఎక్కువసేపు నడిచినట్టనిపించాయి.

"తుక్కు చేస్తే ఏటవుద్దండి?" అంది.

"రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. రికార్డుల్లో ఈ బండి ఇక ఉండదు."

"అంటే, బండి కాదా?"

"కాదు."

"మరి మనిషవుతారా?"

"మనిషైతే పాదచారి కింద వస్తాడు," అన్నారు చిదానందంగారు చిరాగ్గా. "అలాంటి గడే లేదని పొద్దున్నే మనవి చేశాను కదా. ఏమీ అవడు. ఉండడు."

"లేనివాణ్ణి ఆపడానికి రూలేదైనా ఉందాండి?"

"లేనిదానికి రూలెలా ఉంటుందమ్మా? మీరు మరీ అమాయకంగా అడుగుతున్నారు!"

ఈశ్వరి కలం లాక్కుని సంతకం పెట్టేసింది. తన పేరు అంత గుండ్రంగా పెళ్ళి పుస్తకంలో కూడా రాయలేదు. పర్యవేక్షకుడు 'తుక్కు' అన్న ముద్ర గట్టిగా కొట్టి, పైడిరాజు మెడలోంచి అట్టలు రెండూ తీసేశాడు. తన పని అయిపోయిందని గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, ఎదురుగా ఎవరూ లేనట్టే పక్కకి తిరిగాడు.

"రండి," అంది ఈశ్వరి.

స్టేషను గుమ్మంలో కాపలావాడు చేత్తో పట్టుకునే, నంబర్లు చదివే యంత్రం పైడిరాజు వైపు తిప్పాడు. యంత్రం ఏమీ అనలేదు. మళ్ళీ తిప్పాడు. ఏమీ లేదంది. కాపలావాడు యంత్రాన్ని నమ్మాలో కళ్ళని నమ్మాలో ఒక్క క్షణం తేల్చుకోలేకపోయాడు. జీతం ఇచ్చేవాళ్ళు నమ్మేది యంత్రాన్నే. పక్కకి తప్పుకున్నాడు.

ప్లాట్‌ఫారం కిటకిటలాడుతోంది. రంగురంగుల బాలరైలు నిండా పిల్లలు, పిల్లల చుట్టూ సెల్‌ఫోన్లు ఎత్తిపట్టిన తల్లిదండ్రులు. టైము మూడు యాభై ఎనిమిది. నిత్య తండ్రి మొహం చూసి, ముడుచుకున్న మొహం విప్పుకుని, జెండా ఊపింది. రైలు కదల్లేదు. ఆ పిల్ల ఉన్నది మూడడుగుల చిల్లర, అడ్డంగా ఉన్న జనం ఆరేసి అడుగులు. ఇంజను డ్రైవరు తల బయటపెట్టి, "జెండా కనబడలేదండోయ్!" అని అరిచాడు. మళ్ళీ ఊపింది. మళ్ళీ కనబడలేదన్నాడు. కరస్పాండెంటుగారు గడియారం చూపించి, "నాలుగైపోతోంది. మావాడు పొడుగు. వాడికిచ్చెయ్యండి" అన్నారు. మైకులో అంకెలు వెనక్కి లెక్కపెట్టడం మొదలైంది.

పైడిరాజు వంగి, కూతుర్ని రెండు చేతులా ఎత్తి భుజాల మీద నిలబెట్టాడు.

చిదానందంగారు అది చూశారు. నోరు తెరిచారు. మనిషి అని అరిస్తే, ఆవరణలో పాదచారి తిరుగుతున్నట్టు. దానికి బాధ్యుడు తనే. వాహనం అని అరిస్తే, తుక్కు చేసిన వాహనం ప్లాట్‌ఫారం మీద మనుషుల్ని మోస్తున్నట్టు. దానికీ బాధ్యుడు తనే. పక్కనే ఎండీగారున్నారు. తెరిచిన నోరు ఎందుకు తెరిచారో తెలియకుండా ఉండటానికి చిదానందంగారు ఆవులించారు.

"ఎవడయ్యా వాడు?" అన్నారు కరస్పాండెంటుగారు.

"ఎవరండీ?"

"అదిగో, ఆ పిల్లని ఎత్తుకున్నవాడు!"

"ఎవరూ ఎత్తుకోలేదండి," అన్నారు చిదానందంగారు.

సరిగ్గా నాలుగింటికి, జనం తలలన్నిటికీ పైన, పచ్చజెండా రెపరెపలాడింది. బాలరైలు కూతపెట్టి కదిలింది. నిత్య జెండా ఊపుతూనే ఉంది. రైలు ఒక చుట్టు తిరిగి వచ్చాక కూడా ఊపుతూనే ఉంది. పైడిరాజు పైకి చూడలేకపోయాడు, పిల్ల పాదాలు కదలకుండా పట్టుకోవాలి కనక. పక్కనున్న ఈశ్వరిని అడిగాడు. "ఎలా ఊపతందే?"

"మీకు కనబడదేటి?"

"కనబడదు. చెప్పు."

"బాగా ఊపతంది," అని, కొంగుతో కళ్ళు తుడుచుకుంది ఈశ్వరి. "తువ్వాలు కన్నా బాగా."

తిరుగు ప్రయాణంలో ఏ ఇబ్బందీ రాలేదు. బయటికి పోయేవాళ్ళని ఆపడానికి ఇంకా ఎవరూ రూలు రాయలేదు.

ఎటొచ్చీ సాగరహేలలో మాత్రం ఆ సాయంత్రం నుంచీ గొప్ప చిక్కు వచ్చిపడింది. కార్యక్రమం మీద చిదానందంగారు నివేదిక రాయాలి. ఫొటోలున్నాయి, ఎండీగారు కళ్ళారా చూశారు కూడా. ఆయన మూడు రాత్రులు తల పట్టుకుని, చివరికి నియమావళికి అక్షరం తేడా రాకుండా ఇలా రాశారు.

"కుమారి నిత్య నిర్ణీత సమయమునకు భూమికి ఐదడుగుల ఎత్తున, ఎట్టి ఆధారమూ లేకుండా నిలిచి, జెండా ఊపినది."

పై అధికారులు నివేదిక చదివారు. ఎవరూ ఏమీ అనుమానించలేదు. నియమావళి ప్రకారం ఉన్న నివేదికని అనుమానించే గడి కూడా వాళ్ళకి లేదు. మూడు ఉపసంఘాలు వేశారు. కారు లేని అతిథులు కొందరు గాలిలో ఐదడుగుల ఎత్తున సంచరించగలరని తేలింది. అట్టివారికి ఇంతకాలం తగిన దారి చూపకపోవడం సంస్థ వైపు నుంచి పెద్ద లోపమేనని ఒప్పుకున్నారు.

ఆ వేసవికల్లా పెద్ద గేటు పక్క గోడలో కొత్త ద్వారం తెరిచారు. పాలరాతి గడప, ఇత్తడి పిడి, పైన అందమైన అక్షరాలతో బోర్డు: 'వాహనము లేని అతిథులకు స్వాగతం.' నేలకి సరిగ్గా ఐదడుగుల ఎత్తున ఉంది. మెట్లు మాత్రం కట్టలేదు. కడితే జనం నడిచి ఎక్కేస్తారని.